గంగవాయిలి కూరను చేనులో ఎలా గుర్తుపట్టాలి?

వానలు పడ్డాక చేలగట్ల మీద నేలకు పాకుతూ కనిపించేది గంగవాయిలి (కొన్నిచోట్ల గంగపాయల) కూరేనా అని అడిగారు. ముందు ఒక కాడ తుంపి చూడండి. నీళ్లలాంటి రసం వస్తే సరే. తెల్లటి పాలు కారితే అక్కడే పడేయండి, అది నానుబాలు జాతి మొక్క, కూరకు పనికిరాదు. రెండూ పక్కపక్కనే పెరుగుతాయి కాబట్టి ప్రతి మొక్కనూ విడిగా చూడాల్సిందే.

గంగవాయిలి కాడ నున్నగా, లావుగా, ఎర్రగా ఉంటుంది, నూగు ఉండదు. ఆకు చిన్న చెంచాలా మొదట సన్నం, కొస గుండ్రం. వేళ్ల మధ్య నొక్కితే చితికి తడి అంటుతుంది. ఎండ ఎక్కాక చిన్న పసుపు పూలు విచ్చుకుంటాయి. ముదిరిన కాయకు మూత ఊడి, ఇసుక రేణువుల్లాంటి నల్లటి గింజలు రాలతాయి. ఈ మూతతో పాటు పసుపు పూలు కూడా చూశాక నాకు ఇంక అనుమానం ఉండదు.

గలిజేరు కూడా ఇలాగే పాకుతుంది. దాని జంట ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పూలు గులాబీ-తెలుపు.

కలుపు మందు కొట్టిన చేలో మాత్రం కోయకండి. పులుపుంది కాబట్టి పప్పులో చింతపండు తగ్గించండి. ఈ కూరలో ఆక్సలేట్లు (కిడ్నీ రాళ్లకు దారితీసే లవణాలు) ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌ను అడిగే తినాలి.