వెల్ష్ నేర్చుకుంటున్నా సరే, మాట్లాడేదెవరితో?

ప్రశ్న: మాది గుంటూరు, మావారి ఉద్యోగం వల్ల బ్రిటన్‌లో, వేల్స్‌లోని రెక్సమ్‌లో ఉంటున్నాం. పాప వెల్ష్ మీడియం స్కూల్లో, అంటే ఇక్కడి సొంత భాషలో చదువుతోంది, ఫ్రెండ్స్‌తో గలగలా మాట్లాడేస్తుంది. నేనూ డుయోలింగో యాప్‌లో నేర్చుకుంటున్నా, క్లాసుకీ వెళ్తున్నా, కానీ బయట కొంచెం తడబడ్డానంటే చాలు అవతలివాళ్లు ఇంగ్లీష్‌లోకి వచ్చేస్తారు. నాకెప్పటికి నోరు తిరుగుతుందండీ?
— ఒక పాఠకురాలు, రెక్సమ్

జవాబు: వాళ్లలా మారేది మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదనేనమ్మా, మనసులో పెట్టుకోకండి. 2021 జనాభా లెక్కల్లో వేల్స్ మొత్తమ్మీద వెల్ష్ వచ్చినవాళ్లు 5.38 లక్షల మందే, అంటే 17.8 శాతం, పైగా మీ ఊరు ఇంగ్లండ్ బోర్డర్ పక్కనే, కాబట్టి షాపులో ఎదురైన మనిషికి అసలు వెల్ష్ రాకపోవచ్చు కూడా. అందుకే ఆ భాష కోసమే జనం కూడే చోటు వెతుక్కోవాలి, క్లాసులో ఎంత చదివినా నోరు తిరిగేది అక్కడే.

మీ ఊళ్లోనే సైత్ సెరెన్ ఉంది, 2012లో కోఆపరేటివ్‌గా మొదలైన, వెల్ష్ మాట్లాడుకునే పబ్. పబ్ అంటే మనవాళ్లు కాస్త జంకుతారు, నాకు తెలుసు, కానీ అక్కడ అది ఊరి రచ్చబండ లాంటిది, జ్యూస్ గ్లాసు పట్టుకుని సాయంత్రమంతా కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు. అదీ వద్దంటే కేఫ్‌ల్లో, లైబ్రరీల్లో 'పానెద్ అ స్గూర్స్' అని టీ తాగుతూ కబుర్లు చెప్పుకునే కూటములు జరుగుతుంటాయి, ఎక్కడెప్పుడో మీ ఏరియా మెంటర్ యైత్ వాళ్లని అడగండి, ఈ భాషని ఊళ్లలో బతికించే పనే వాళ్లది, ఇలాంటి సంస్థల్లో మొదటిది 1991లో వచ్చింది. ఆడవాళ్లకైతే 1967లో పుట్టిన 'మెర్ఖెద్ ఎ వౌర్' సంఘం ఉంది, మొత్తం వెల్ష్‌లోనే నడుస్తుంది, కొంచెం అలవాటయ్యాక వెళ్లండి.

గుంపంటే బెరుకైతే మీ క్లాస్ టీచర్ని 'షారద్' స్కీమ్ గురించి అడగండి, బాగా మాట్లాడేవాళ్లతో మిమ్మల్ని జత చేస్తారు, ఇద్దరూ వీలున్నప్పుడు కలిసి ఓ పది గంటలు మాట్లాడుకోవాలి, అంతే, పరీక్షలేం ఉండవు. ఎవరైనా ఇంగ్లీష్‌లోకి మారితే నవ్వుతూ 'ఎన్ అరవ్' అనండి, మెల్లగా అని, చాలామంది మళ్లీ వెల్ష్‌లోకి వచ్చేస్తారు.

ఇంకోటి, మొదట్లో పాపని వెంట తీసుకెళ్లకండి, మీ బదులు తనే జవాబులన్నీ చెప్పేస్తుంది.