సీటీ యాంజియోలో డై తగ్గిస్తే బొమ్మ సరిగా రాదా?

అమ్మకు కిడ్నీ కొంచెం వీక్, సీటీ యాంజియో (నరంలోకి డై మందు ఎక్కించి రక్తనాళాలను చూసే స్కాన్) రాశారు, డై తగ్గించమంటే బొమ్మ రాదంటున్నారు, నిజమేనా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. కానీ మా బాపు విషయంలో ఇదే గొడవ పడ్డాను కాబట్టి చెప్తున్నా, వస్తుంది. చేసేవాళ్లకు ఓపిక ఉండాలి, అంతే.

బాపు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ముప్పై ఏళ్లు దడ్వాయిగా, అంటే తూకం వేసేవాడిగా చేశాడు. మిర్చి బస్తాను చూసి కిలోలు చెప్పే మనిషి. నడిస్తే ఎడమ పిక్క పట్టేస్తోందంటే కాలి రక్తనాళాలకు సీటీ రాశారు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, 1.8 వచ్చింది; అది పెరిగితే కిడ్నీ వీక్ అని. హన్మకొండలో మొదట వెళ్లిన సెంటర్‌లో బరువు అడగలేదు, రిపోర్టు చూడలేదు, అందరికీ 100 ఎంఎల్ సీసానే అన్నారు. బాపు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "తూకమే వెయ్యలే, ఎంత పొయ్యాల్నో నీకెట్ల తెలిసింది బిడ్డా?" ఆ పిల్లగాడు నవ్వాడు, బాపు నవ్వలేదు. లేచి వచ్చేశాం. అడ్వాన్స్ వాపసు కోసం మూడుసార్లు తిప్పారు, అదో కథ.

రెండో చోట టెక్నీషియనమ్మ ముందు కాటా ఎక్కించింది. 51 కిలోలు. మామూలుగా 120 కేవీతో (ఎక్స్‌రేకి ఇచ్చే కరెంటు వోల్టేజీ) తీస్తారట, సన్నటి మనిషి కదా అని 80కి దించింది. డైలో మెరిసేది అయోడిన్, కేవీ తగ్గేకొద్దీ అది ఎక్స్‌రేని ఇంకా ఎక్కువ ఆపుతుంది, కాబట్టి తక్కువ డై అయినా తెల్లగా కనపడుతుంది. 60 ఎంఎల్ డై, దాని వెనకే 40 సెలైన్. ఆ సెలైన్ లేకపోతే చివరి డై చేతి నరంలోనే ఉండిపోతుంది, బొమ్మకు పనికిరాదు. పెద్ద రక్తనాళంలోకి డై చేరిందని తెర మీద చూశాకే స్కాన్ మొదలుపెట్టింది. తొడలో ఎక్కడ మూసుకుపోయిందో స్పష్టంగా వచ్చింది. రెండు రోజులకు క్రియాటినిన్ మళ్లీ చేయిస్తే 1.7.

డై ఎక్కుతుంటే ఒళ్లంతా వేడెక్కుతుంది, మూత్రం పోయినట్టే అనిపిస్తుంది. ఇది బాపుకు ముందే చెప్పడం మర్చిపోయాను. బల్ల దిగగానే గోడ వైపు తిరిగి లుంగీ తడుముకున్నాడు పాపం. మీ అమ్మకు ముందే చెప్పండి.

ఆమె లావుగా ఉంటే మాత్రం 80 కేవీకి బొమ్మ గరుకుగా వస్తుంది, అక్కడ పట్టుబట్టకండి. డై అనగానే కిడ్నీ పోతుందని టెన్షన్ కూడా వద్దు, అసలు భయం ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే లెక్క, తగ్గితే వీక్) 30 కంటే తక్కువున్న వాళ్లకు. బాపుది 40. 2022లో షాంఘై లాక్‌డౌన్‌తో అక్కడి డై ఫ్యాక్టరీ పడకేస్తే చాలా దేశాల ఆసుపత్రులు డోసు తగ్గించుకునే నెట్టుకొచ్చాయి. సరుకు లేనప్పుడు కుదిరింది, ఉన్నప్పుడు ఎందుకు కుదరదు? నన్నడిగితే ఇది సైన్సు కాదు, బద్ధకం.

బిల్లు సంగతి కూడా చెప్పాలి. ఆ రెండో సెంటర్‌లోనూ 100 ఎంఎల్ సీసాకే వేశారు. బాపు కౌంటర్ దగ్గర నిలబడి "60 పోసిండ్రు, మిగిలిన 40 ఏడ వోయింది?" అని అడిగాడు. సీసా తెరిస్తే లెక్క అంతే సార్ అన్నారు. పండక్కి చుట్టాలొస్తే కాలు నొప్పి సంగతి చెప్పడు, ఆ 40 గురించే చెప్తాడు.