మావాడు గార్డ్ ఆడతానంటున్నాడు, చదువు ఏమైపోతుంది?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. బాబు లెవెంత్ గ్రేడ్. స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆఫెన్సివ్ లైన్‌లో గార్డ్ ఆడతాడు, అంటే బంతి ఉన్నవాళ్ల మీదికి ఎదుటి జట్టు రాకుండా అడ్డుకునేవాడు. లెక్కల్లో చురుకు. కాలేజీలో కూడా ఆడతానంటాడు, వాళ్ల నాన్నగారేమో కంప్యూటర్ సైన్సే అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: అమ్మా, టెక్సస్ నుంచి ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. మీరు అడిగింది ఒకటి, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఇంకొకటి. తలకి దెబ్బ తగిలితే ఎలా? మనవాళ్ల పిల్లలంతా ఉద్యోగాల్లో కుదురుకుంటుంటే వీడొక్కడూ మిగిలిపోతే ఎలా? అంతేగా.

మీవాడి పొజిషన్‌లోనే ఆడిన జాన్ అర్షెల్ గురించి చెప్తాను. తండ్రి సర్జన్, తల్లి లాయర్. బఫెలోలో పెరిగి పెన్ స్టేట్‌లో గార్డ్‌గా చేరాడు. మూడేళ్లలో మ్యాథ్స్ డిగ్రీ ముగించి, ఆడుతూనే మాస్టర్స్ చేశాడు, తోటి విద్యార్థులకు పాఠాలూ చెప్పాడు. 2012, 2013ల్లో ఆల్-బిగ్ టెన్ మొదటి జట్టులో, అంటే వాళ్ల కాలేజీల లీగ్‌లో మేటి ఆటగాళ్ల జాబితాలో ఉన్నాడు. 2014లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జరిపే ఆటగాళ్ల ఎంపికలో బాల్టిమోర్ రేవెన్స్ జట్టు ఐదో రౌండ్‌లో తీసుకుంది. మూడు సీజన్లు ఆడి 2017లో 26 ఏళ్లకే మానేశాడు. 2021లో ఎంఐటీలో పీహెచ్‌డీ పూర్తిచేసి, ఇప్పుడు అక్కడే ప్రొఫెసర్.

సంబరపడకండి. ఇదే మనిషికి 2015 ట్రైనింగ్ క్యాంప్‌లో కంకషన్ అయింది, అంటే తలకి దెబ్బ తగిలి మెదడు అదిరింది. కొన్నాళ్లు పెద్ద లెక్కలు బుర్రకెక్కలేదని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన ఆట మానడానికి రెండు రోజుల ముందు ఒక అధ్యయనం వచ్చింది. చనిపోయిన 111 మంది ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల మెదళ్లు చూస్తే 110 మందిలో సీటీఈ, అంటే తలకి పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే మెదడు జబ్బు, కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదళ్లు ఇచ్చి ఉంటాయి కాబట్టి ఆడినవాళ్లందరికీ ఆ లెక్క వర్తించదు. అలాగని మీ భయం ఉత్తది అనను. లైన్‌మన్‌కి పెద్ద దెబ్బ కంటే ప్రతి ప్లేలోనూ తగిలే చిన్న చిన్న గుద్దుళ్లే ఎక్కువ.

ఇక ఈ మధ్య మనవాళ్లలో కొత్త మోజు ఒకటి వచ్చింది: ఆట చూపించి ఐవీ లీగ్‌లో, అంటే హార్వర్డ్, యేల్ లాంటి పేరున్న యూనివర్సిటీల్లో, సీటు కొట్టడం. నాకు దీనిమీద నమ్మకం లేదు. కోచ్ అడిగితే అడ్మిషన్‌కి సాయమవుతుంది, నిజమే. కానీ ఐవీ లీగ్‌లోనూ, కాలేజీ ఆటల్లో కింది స్థాయి అయిన డివిజన్ త్రీలోనూ ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఇంటి ఆదాయం చూసి ఇచ్చే సాయమే. రెండు ఐటీ జీతాలున్న ఇంటికి అదెంత వస్తుందో మీరే లెక్కేసుకోండి. దానికోసం వేసవంతా క్యాంపులు, హైలైట్ వీడియోలు, వాటికి వేల డాలర్లు! పైగా గార్డ్ వీడియోలో ఏముంటుందమ్మా? బంతి వాడి చేతికే రాదు. మైకులో వాడి నంబర్ వినబడిందంటే చాలావరకు హోల్డింగ్ ఫౌల్ చేశాడనే, అంటే ఎదుటివాణ్ణి చేత్తో పట్టుకుని ఆపాడనే.

కాలేజీలో ఆడేవాళ్లలో ప్రొఫెషనల్ అయ్యేది నూటికి ఇద్దరు కూడా కాదు. ఆ సంగతి మీవాడికి మీకంటే బాగా తెలుసు. కాబట్టి ఆటా చదువా అని పందెం పెట్టొద్దు. తనకి కావలసిన మేజర్ ఉన్న కాలేజీల జాబితా ముందు రాయమనండి, వాటిలో ఎక్కడ ఆడనిస్తారో తర్వాత చూడమనండి. లెక్కలొచ్చిన పిల్లాడు ఎక్కడికీ పోడు. వాడి గురించి నాకు టెన్షన్ లేదు.

ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఇక్కడ వెయ్యని మీ మిగతా ఉత్తరం నిండా వాడి బరువు, వాడు తినే గుడ్లు, మీ చుట్టాల మాటలు రాశారు. ఒక్క మ్యాచ్ చూసినట్టు మాత్రం ఎక్కడా లేదు. మూడేళ్లుగా శుక్రవారం రాత్రుళ్లు మీ ఇద్దరూ ఏం చేస్తున్నారు? టెక్సస్ చట్టం ప్రకారం కంకషన్ అనుమానం వస్తే పిల్లాణ్ణి వెంటనే మైదానం బయటికి పంపాలి. మళ్లీ దిగాలంటే డాక్టర్ రాతపూర్వక అనుమతితో పాటు తల్లిదండ్రుల సంతకమూ ఉండాలి. ఆట చూడనివాళ్లు ఆ కాగితం మీద ఏం చూసి సంతకం పెడతారు? ఈ శుక్రవారం వెళ్లి కూర్చోండి. బంతిని వదిలేసి, లైన్ మధ్యలో ఉండే సెంటర్ అనే ఆటగాడి పక్కన చెయ్యి నేలకానించి వంగిన మీవాణ్ణే నాలుగు క్వార్టర్లూ చూడండి. తర్వాత మళ్లీ రాయండి.