నైట్రో ఆర్‌సీ ట్రక్కు బెంగళూరులో ఇంధనం ఎందుకు ఎక్కువ తాగుతోంది?

చెన్నైలో బాగా నడిచిన నైట్రో ఆర్‌సీ ట్రక్కు (నైట్రో ఇంధనంతో, రిమోట్‌తో నడిచే చిన్న మోడల్ బండి) బెంగళూరు తెచ్చాక పొగ కక్కుతూ ట్యాంకు త్వరగా ఖాళీ చేస్తోందంటున్నారు. బండి తప్పేం లేదండీ, ఊరే ఎత్తు. ఇక్కడ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉన్నాం. గాలి పల్చన కాబట్టి అక్కడి సెట్టింగ్‌లో ఇంధనం పాలు ఎక్కువైపోతుంది.

ఇంజిన్ బాగా వేడెక్కాక, కార్బురేటర్‌లో ఇంధనం పాలు మార్చే స్క్రూ అయిన హైస్పీడ్ నీడిల్‌ని కుడివైపుకి, గడియారంలో ఒక గంటంత మాత్రమే తిప్పి ఒక రౌండు కొట్టండి. ఫుల్ థ్రాటిల్‌లో సన్నటి పొగ గీత కనిపిస్తూనే ఉండాలి. ఇంజిన్ పైభాగమైన హెడ్ మీద నీటి చుక్క వేస్తే మూడు నాలుగు సెకన్లు చిటపటలాడి ఆరాలి. పడీపడగానే ఆవిరైతే వెంటనే వెనక్కి తిప్పేయండి. ట్యాంకు ఇంకో నిమిషం వస్తుందని ఆశపడి నేనొక పిస్టన్ పోగొట్టుకున్నాను.

అన్నట్టు, బ్రేకు పట్టేసి ఉందేమో చక్రాలు చేత్తో తిప్పి చూడండి.