అంకెలతో ముచ్చట: పాల చీటీల్లో రెండు గుంపులు

(కోడ్‌లోని ఆజ్ఞలను ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే అచ్చు వేస్తున్నాం. కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టుకోవాలి.)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది ఒంగోలు దగ్గర పల్లె. ఊళ్ళో పాల కేంద్రం మా నాన్న చూస్తారు. ప్రాజెక్టు కోసం అక్కడి కంప్యూటర్‌ నుంచి మూడు నెలల చీటీల వివరాలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. దాదాపు 20 వేల వరుసలు. ఫ్యాట్‌కీ (కొవ్వు) ఎస్‌ఎన్‌ఎఫ్‌కీ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థాలు) ఉన్న సంబంధం చూపిద్దామని పైథాన్‌లో ప్లాట్ అని కొడితే సాలెగూడులా వచ్చింది. స్కాటర్ అని కొడితే నీలం ముద్ద వచ్చింది. "సహసంబంధ గుణకం 0.78 వచ్చిందిగా, అది రాసెయ్, బొమ్మ ఎందుకు" అంటున్నారు మా గైడ్. నాకు మాత్రం బొమ్మ పెట్టాలని ఉంది. ఎలా?

జవాబు: బాబూ, బొమ్మ పెట్టు. ఫ్యాటూ ఎస్‌ఎన్‌ఎఫ్ ఎంతగా కలిసి కదులుతున్నాయో చెప్పే ఆ 0.78 అనే అంకె నీ పాల గురించి ఎంత తక్కువ చెబుతోందో ఆ బొమ్మే చూపిస్తుంది.

ముందు సాలెగూడు సంగతి. ప్లాట్ అనే ఆజ్ఞ ఒక వరుసలోని చుక్కను తర్వాతి వరుసలోని చుక్కతో గీత గీసి కలుపుతుంది. రోజువారీ ధరలకో, ఉష్ణోగ్రతకో అది సరిపోతుంది, ఎందుకంటే అక్కడ నిన్నటి తర్వాత ఇవాళ వస్తుంది. నీ ఫైల్లో ఒకరి తర్వాత ఒకరు క్యూలో నిలబడి పాలు పోశారు, అంతే. ముందు పోసినవారి ఫ్యాట్‌కీ వెనక పోసినవారి ఫ్యాట్‌కీ మధ్య గీత గీయడానికి ఏ సంబంధమూ లేదు. కాబట్టి స్కాటరే సరైనది.

ఇక ముద్ద. చుక్క సైజు నువ్వు చెప్పకపోతే, పైథాన్‌లో పటాలు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ 36 తీసుకుంటుంది. పాతిక చుక్కలకైతే అది బాగానే ఉంటుంది, 20 వేలకు చాలా ఎక్కువ. ఇలా రాసి చూడు (పాలు అన్నది నీ పట్టికకు పెట్టిన పేరు):

పీఎల్‌టీ.స్కాటర్(పాలు["ఫ్యాట్"], పాలు["ఎస్‌ఎన్‌ఎఫ్"], ఎస్=4, ఆల్ఫా=0.1)

ఎస్ అంటే చుక్క వెడల్పు కాదు, దాని వైశాల్యం. వెడల్పు రెండింతలు కావాలంటే ఎస్‌ను నాలుగింతలు చెయ్యాలి. చాలామంది పిల్లలు ఇక్కడే తికమకపడతారు. ఆల్ఫా అంటే పారదర్శకత. 0.1 పెడితే ఒక్క చుక్క పొగలాగా లేతగా ఉంటుంది, ఒకే చోట పది చుక్కలు పడితే ముదురుగా కనిపిస్తుంది. ఫ్యాట్‌ను ఒక్క దశాంశ స్థానం వరకే రాస్తారు కనుక 6.4 దగ్గర వందల చుక్కలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఆల్ఫా లేకపోతే ఆ వందా ఒక్కటిగానే కనిపిస్తాయి. అప్పటికీ స్పష్టంగా లేకపోతే హెక్స్‌బిన్ అనే ఆజ్ఞ వాడు. అది కాగితాన్ని తేనెపట్టులా ఆరు మూలల గళ్ళు చేసి, ఏ గడిలో ఎన్ని చుక్కలు పడ్డాయో రంగుతో చూపిస్తుంది.

ఇప్పుడు ఆ ముద్దలో ఏం కనిపిస్తుందో ఊహించగలను. ఫ్యాట్ నాలుగుకు అటూ ఇటూ ఒక గుంపు, ఆరు ఏడు దగ్గర ఇంకో గుంపు. మొదటిది ఆవు పాలు, రెండోది గేదె పాలు. గేదె పాలలో ఫ్యాటూ ఎక్కువే, ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా కాస్త ఎక్కువే. దూరంగా ఉన్న రెండు గుంపుల గుండా ఒక గీత లాగితే గుణకం పెద్దదిగా వస్తుంది. ఆవు పాలను ఆవు పాలతో, గేదె పాలను గేదె పాలతో విడివిడిగా లెక్కగట్టు. 0.78 బాగా తగ్గిపోతే ఆశ్చర్యపోవద్దు. చీటీలో ఆవు, గేదె అని రాసే గడి ఉంటుంది కదా. గ్రూప్‌బై తో ఆ గడి ప్రకారం విడగొట్టి, స్కాటర్‌ను రెండుసార్లు పిలువు. ఒకదానికి నీలం రంగు, గుండ్రటి చుక్క. రెండోదానికి నారింజ రంగు, త్రికోణం. ఎరుపు, ఆకుపచ్చ జంటగా వాడకు. ఆ రెండూ వేరు చేసి చూడలేనివారు మగపిల్లల్లో చాలా తరగతుల్లో దొరుకుతారు. పైగా మీ కాలేజీలో ప్రాజెక్టు పుస్తకం నలుపు తెలుపులో జిరాక్స్ తీస్తే, చివరికి ఆదుకునేది ఆ త్రికోణమే.

ఫ్యాట్ సున్నా దగ్గర గీత గీసినట్టు చుక్కలు కనిపిస్తే కంగారుపడకు. కరెంటు పోయినప్పుడో, టెస్టు చెయ్యనప్పుడో పడిన ఖాళీ చీటీలై ఉండొచ్చు. నాన్నగారిని అడిగి తెలుసుకున్నాకే వాటిని పక్కన పెట్టు. ఎన్ని పక్కన పెట్టావో రిపోర్టులో రాయి.

నాన్నగారిని ఇంకో మాట కూడా అడగాలి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది ఇదే. మీ కేంద్రంలో ఎస్‌ఎన్‌ఎఫ్‌ను మెషీన్ నేరుగా కొలుస్తుందా, లేక లాక్టోమీటర్ (పాల సాంద్రత చూసే పరికరం) రీడింగ్ నుంచి లెక్కగడతారా? లెక్కగట్టే పద్ధతిలో లాక్టోమీటర్ రీడింగ్‌లో నాలుగో వంతు తీసుకుని, దానికి ఫ్యాట్‌లో కొంత భాగాన్నీ ఒక స్థిరాంకాన్నీ కలుపుతారు. అంటే ఎస్‌ఎన్‌ఎఫ్ అనే అంకెలో ఫ్యాట్ ముందే కూర్చుని ఉంది! అలాంటప్పుడు అడ్డంగా ఫ్యాట్, నిలువుగా ఎస్‌ఎన్‌ఎఫ్ పెట్టి సంబంధం ఉందంటే, అందులో కొంత పాలలోది, కొంత సూత్రంలోది. మీది ఆ పద్ధతే అయితే ఫ్యాట్‌కు ఎదురుగా లాక్టోమీటర్ రీడింగ్‌నే పెట్టి గీయి. ఆ ఒక్క పేజీ నీ ప్రాజెక్టును నిలబెడుతుంది.

మీ గైడ్ గారికి చూపించడానికి ఒకటి చెబుతాను. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రవేత్త నాలుగు చిన్న పట్టికలు తయారుచేశాడు. ఒక్కోదానిలో 11 జతల అంకెలు. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, సహసంబంధ గుణకం 0.82 దగ్గర. చుక్కల గుండా గీసే ప్రతిగమన రేఖ (రిగ్రెషన్ లైన్) కూడా దాదాపు ఒకటే. చుక్కలు పెడితే మాత్రం నాలుగూ నాలుగు లోకాలు. ఒకటి మామూలు చెదురు, ఒకటి చక్కటి వంపు, మూడోది నిఖార్సైన సరళరేఖకు దూరంగా ఒక్క చుక్క, నాలుగోదానిలో పది చుక్కలు ఒకే నిలువు గీత మీద, పదకొండోది ఎక్కడో మూల. నెట్ ఉంటే సీబార్న్ అనే పైథాన్ లైబ్రరీలో లోడ్ డేటాసెట్ అని ఆన్‌స్కోంబ్ పేరు ఇస్తే ఈ పట్టికలే వస్తాయి. గైడ్ గారి ముందే గీసి చూపించు. మర్యాదగానే, ఆయన తప్పని కాకుండా "ఇది చూడండి సార్" అని.

నేనూ ఒకప్పుడు గుణకాన్నే నమ్మాను. ఎం.ఫిల్. చేసేటప్పుడు అనంతపురం జిల్లా వేరుశనగ దిగుబడినీ వర్షపాతాన్నీ చేత్తో లెక్కగట్టాను. ఒక మండలం దిగుబడి 7.2 అయితే 72 అని ఎక్కించాను. గ్రాఫు కాగితం మీద ఒక్కసారి చుక్కలు పెట్టి ఉంటే ఆ చుక్క కాగితం దాటి పోయేది. వైవాలో పరీక్షకులు చూపిస్తే గానీ నాకు తెలియలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి రాత్రంతా చుక్కలు పెట్టాను. అప్పటినుంచి నా తరగతిలో చుక్కలు పెట్టకుండా గుణకం కట్టనివ్వలేదు.

ప్రశ్న: అమ్మా, నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌ని. మా సెక్టార్‌లోని పిల్లల వయసు నెలల్లో, బరువు కిలోల్లో పెట్టి మా అబ్బాయి చేత చుక్కల పటం గీయించాను. చుక్కలన్నీ నిలువు కంబాల్లా నిలబడ్డాయి. "జిట్టర్ చేస్తే, అంటే చుక్కలను కొద్దిగా అటూ ఇటూ జరిపితే, విడిపోతాయి" అంటాడు వాడు. చెయ్యొచ్చా? తప్పవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెయ్యొచ్చమ్మా. కానీ చేసేముందు ఆ కంబాలను ఒకసారి తేరిపార చూడండి.

వయసును పూర్తి నెలల్లో రాస్తారు కాబట్టి కంబాలు రావడం సహజం. కానీ 12, 24, 36 నెలల కంబాలు మిగతావాటికంటే బాగా దట్టంగా ఉన్నాయా? ఉంటే, పిల్లల్లో కొందరి వయసు పుట్టినతేదీ చూసి రాసింది కాదు. "రెండేళ్ళు నిండాయమ్మా" అని తల్లో నాయనమ్మో చెప్పగా రాసింది. 21 నెలల బిడ్డను 24 అని రాస్తే, బరువు సరిగ్గా ఉన్న బిడ్డ కూడా తక్కువ బరువు గీత కిందకి పోతాడు. అటుది ఇటైతే, నిజంగా చిక్కిపోతున్న బిడ్డ మన కంటికే ఆనడు. అలాగే అడ్డంగా 10 కిలోలు, 10.5 కిలోల దగ్గర చుక్కలు బారులు తీరితే, తూకం ముల్లు మధ్యలో ఆగినప్పుడు దగ్గరి అంకెకు సర్దేశారని అర్థం. జిట్టర్ చేస్తే ఇలాంటి ఆనవాళ్ళు మసకబారవచ్చు. అందుకే ఉన్నది ఉన్నట్టు గీసిన పటాన్ని మొదట దాచుకోండి. ఏ కేంద్రం రిజిస్టర్ మళ్ళీ చూడాలో అది చెబుతుంది.

ఆ తర్వాత జిట్టర్. ఒక్కో వయసుకు మైనస్ 0.3 నుంచి ప్లస్ 0.3 వరకు యాదృచ్ఛికంగా ఒక చిన్న అంకె కలపమనండి. పైథాన్‌లోని నంపై లైబ్రరీలో యూనిఫామ్ అనే ఆజ్ఞ ఆ పని చేస్తుంది. వయసుకు మాత్రమే కలపాలి, బరువును ముట్టుకోవద్దు. గీయడానికి వేరే కాలమ్ తీసుకోవాలి. అసలు వయసు కాలమ్ అలాగే ఉండాలి, లెక్కలన్నీ దానితోనే చెయ్యాలి. పటం కింద "చుక్కలు కనబడడానికి అడ్డంగా కొద్దిగా జరిపాం" అని ఒక ముక్క రాయండి.

దూరంగా పడిన ఒంటరి చుక్కను తీసెయ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది రాతలో తప్పు కావచ్చు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన బిడ్డ కావచ్చు. ఇంటికి వెళ్ళి చూడాల్సిందే. మీ అబ్బాయి ఆన్‌లైన్‌లో కోడ్ రాసే చోట ఫైలు ఎక్కిస్తుంటే, పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లు ముందే తీసేయించండి.

ప్రశ్న: 2011 జనగణనలోని మా వరంగల్ వైపు గ్రామాల జనాభా, సాగు భూమి చుక్కలుగా పెట్టాను. అన్నీ కింద ఎడమ మూలన ఇరుక్కున్నాయి. నాలుగైదు పెద్ద ఊళ్ళు మాత్రం ఎక్కడో పైన ఉన్నాయి. వాటిని తీసెయ్యనా?

జవాబు: తీసెయ్యకండి, కొలబద్ద మార్చండి. ఎక్స్‌స్కేల్, వైస్కేల్ రెండింటికీ లాగ్ (సంవర్గమానం) అని ఇవ్వండి. అప్పుడు 100 నుంచి 1,000కి ఎంత దూరమో, 1,000 నుంచి 10,000కీ అంతే దూరం ఉంటుంది. చిన్న ఊళ్ళకు చోటు దొరుకుతుంది.

ఈ కొలబద్ద మాట వస్తే మనం చెప్పుకోవాల్సిన మనిషి ఒకడున్నాడు. బేగంపేటలోని నిజామియా వేధశాలలో తండ్రి పనిచేస్తుండగా హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు, అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ఒక సంబంధాన్ని ప్రకటించాడు. కొన్ని రకాల నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం కె రేఖ నడుమ ఒక సన్నని వెలుగు గీత ఉంటుంది. దాని వెడల్పుకు లాగ్ తీసుకుని, నక్షత్రం అసలు ప్రకాశానికి ఎదురుగా పెడితే చుక్కలు సరళరేఖ మీదికి వచ్చాయి. నక్షత్ర ప్రకాశాన్ని కొలిచే మాగ్నిట్యూడ్ కూడా లాగ్ కొలతే. విల్సన్-బప్పు ప్రభావం అని దాన్ని ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఒక్క జాగ్రత్త. మీ జాబితాలో జనం లేని బేచిరాగ్ గ్రామాలు ఉంటాయి. సున్నాకు లాగ్ లేదు కాబట్టి ఆ చుక్కలు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. అవి ఎన్నో లెక్కపెట్టి పటం కింద రాయండి.

ప్రశ్న: హైస్కూల్లో లెక్కల టీచర్ని. పటంలో పేర్లు తెలుగులో రాస్తే డబ్బా గుర్తులు వస్తున్నాయి. పిల్లలకు తెలుగులోనే చూపించాలని నా కోరిక.

జవాబు: మీ కోరిక నాదీ. మాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డెజావూ సాన్స్ ఫాంట్‌లో తెలుగు లేదు, అందుకే డబ్బాలు. నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఎక్కించి, ఫాంట్ ఫ్యామిలీకి ఆ పేరు ఇస్తే డబ్బాలు పోతాయి. కానీ నేను వాడిన వెర్షన్‌లో ఒత్తులు కిందకి చేరక పక్కన నిలబడ్డాయి. "ఎత్తు" అనే మాట పిల్లలకు చూపించే రూపంలో లేదు.

నాకు పనిచేసిన దారి ఇది. మాట్‌ప్లాట్‌లిబ్ అమరికలు ఉండే ఆర్‌సీపారామ్స్‌లో ఎస్‌వీజీ.ఫాంట్‌టైప్ అనే దానికి నన్ అని ఇచ్చి, పటాన్ని ఎస్‌వీజీ ఫైలుగా దాచండి. అప్పుడు అక్షరాలు బొమ్మలుగా మారకుండా అక్షరాలుగానే ఉంటాయి. ఆ ఫైలును క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో తెరిస్తే, ఒత్తులు పేర్చే పని బ్రౌజర్ చూసుకుంటుంది. ప్లాట్‌లీతో గీసినా అంతే, అది బ్రౌజర్‌లోనే గీస్తుంది. అక్కడినుంచే ప్రింట్ ఇచ్చుకోండి.

ఇంకో మంచి సంగతి. పైథాన్ 3లో కాలమ్ పేర్లే కాదు, చలరాశుల పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. మీ తరగతిలో పిల్లల ఎత్తు, మూర పొడవు కొలిపించి, ఎత్తు, మూర అనే పేర్లతోనే కోడ్ రాయించండి. ఎవరి చుక్క ఏదో వాళ్ళే వెతుక్కుంటారు.