ప్రభుత్వాల హ్యాకర్లకు మనలాంటి వాళ్లతో ఏం పని?

అడిగిన ప్రశ్న: ఉత్తర కొరియా, చైనా లాంటి దేశాలు పోషించే హ్యాకర్ల గుంపులు మామూలు వాళ్ల ల్యాప్‌టాప్‌ల జోలికి వస్తాయా, మనం నిజంగా టెన్షన్ పడాలా?

వస్తాయి. మా ఇంటికే వచ్చాయి, అందుకే రాస్తున్నా.

మా పిన్ని కొడుకు బెంగళూరు మారతహళ్లిలో నాతోనే ఉండేవాడు. ఉద్యోగం పోయింది, ఊళ్లో చెప్పలేదు, పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పిన్నికి వీడియో కాల్లో "మీటింగ్ ఉందమ్మా" అనేవాడు. అలాంటి టైంలో ఒక ఉద్యోగాల సైట్లో మెసేజ్ వచ్చింది. విదేశీ క్రిప్టో కంపెనీ, ఇంటి నుంచే పని, జీతం డాలర్లలో. ఇంటర్వ్యూ చేసేవాడి కెమెరా పాడైందట, వీడిది మాత్రం ఆన్‌లో ఉండాలట. కాసేపు మాట్లాడి, ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్ లింక్ ఒకటి పంపి, అందులోని కోడ్‌ను స్క్రీన్ షేర్ చేసి ఇప్పుడే రన్ చెయ్యమన్నాడు.

నేను వెనకాల మంచం మీద కూర్చుని టిఫిన్ తింటూ చూస్తున్నా. ఫైల్లో కనిపించేవన్నీ పొట్టి లైన్లే, కానీ కింద అడ్డంగా ఉండే స్క్రోల్ బార్ ఆవగింజంత అయిపోయి ఉంది. అంటే ఎక్కడో ఒక లైన్ చాంతాడంత ఉన్నట్టేగా! మ్యూట్ చెయ్యమని సైగ చేసి, కుడివైపు జరపరా అన్నాను. "అన్నా, ఆయన చూస్తున్నాడు, ఏమనుకుంటాడు" అని వీడి బాధ. జరిపాడు. ఖాళీ, ఖాళీ, ఇంకా ఖాళీ, చివర్లో ఎక్కడో అర్థంపర్థం లేని అక్షరాల కుప్ప. అంతే, అవతలివాడు కాల్ కట్ చేశాడు. సాయంత్రానికి ఆ ప్రొఫైల్ కూడా లేదు.

పాలో ఆల్టో నెట్‌వర్క్స్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ వాళ్లు 2023 నవంబర్‌లోనే ఈ తంతును కంటేజియస్ ఇంటర్వ్యూ అని పేరు పెట్టి బయటపెట్టారు, ఉత్తర కొరియా పనే అన్నారు. ఆ కోడ్ రన్ చేస్తే బీవర్‌టెయిల్ అనే మాల్వేర్, అంటే దొంగ ప్రోగ్రాం, దిగి బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు, క్రిప్టో వాలెట్లు ఊడ్చుకుపోతుంది. మావాడికి తగిలింది ఆ బ్యాచేనని బల్లగుద్ది చెబుతాను. మా ఆఫీసు సెక్యూరిటీ టీమ్ వాడు రుజువేదీ అంటే మాత్రం టాపిక్ మార్చేస్తాను.

ఉద్యోగం లేని కుర్రాడి దగ్గర ఏముందని అనొచ్చు మీరు. ఉద్యోగం ఉన్నవాళ్లు కూడా ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే పక్క కంపెనీ ఇంటర్వ్యూలు ఇస్తారు, ఈ ఊళ్లో అది నేనెరగని సంగతా! హ్యాకర్లకు కావలసింది ఆ ల్యాప్‌టాప్ నుంచి కంపెనీలోకి తెరుచుకునే తలుపు. 2024 జులైలో మన దేశపు క్రిప్టో ఎక్స్చేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా పోయాయి, అది ఉత్తర కొరియా పనేనని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి ప్రకటించాయి. అందులో ఉన్నది మామూలు జనం దాచుకున్న డబ్బే.

ఒక్కోసారి మనల్ని ఎంచుకోవాల్సిన అవసరం కూడా వాళ్లకు ఉండదు. 2017 మేలో, కంప్యూటర్‌ను లాక్ చేసి డబ్బడిగే వానాక్రై (అదీ ఉత్తర కొరియా పనేనని అమెరికా చెప్పింది) వచ్చినప్పుడు మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లు కూడా లాక్ అయ్యాయి. చిత్తూరు స్టేషన్ మీద ప్యాంగ్‌యాంగ్‌కు పగేముంటుంది? అడ్డొచ్చిన విండోస్ మెషీన్‌కల్లా పాకింది, అంతే. దానికి మందు, అంటే విండోస్ అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు బలయ్యారు. పైగా అందులో వాడిన ఆయుధం అమెరికా గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏ దగ్గర్నుంచి లీకైంది. ఆ పెద్దమనుషుల గురించి మాత్రం మనవాళ్లు వాట్సాప్‌లో ఒక్క ఫార్వర్డ్ కూడా పంపరు, ఎంతసేపూ చైనా యాప్‌లు తీసెయ్యండి అనే గోలే.

మా ఆఫీసు ట్రైనింగ్ సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. దీపావళి గిఫ్ట్ వోచర్ అని వాళ్లే దొంగ మెయిల్ పంపుతారు, నొక్కితే శిక్షగా నల్ల ముసుగు వేసుకున్నవాడి వీడియో గంటసేపు చూడాలి. ఇంటర్వ్యూ కోడ్‌ను వేరే వర్చువల్ మెషీన్‌లో (ల్యాప్‌టాప్ లోపలే విడిగా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో) తప్ప రన్ చెయ్యకండి అని ఆ గంటలో ఒక్క ముక్క ఉండదు. మావాడికి ఆ పద్ధతి నేనే నేర్పాను, బ్రౌజర్లో పాస్‌వర్డులు కూడా తీయించాను.

ఇక రౌటర్లు. చైనా గుంపు వోల్ట్ టైఫూన్ అమెరికాలో ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఉండే వందల పాత రౌటర్లలో దూరి, వాటి చాటున తిరిగిందని 2024 జనవరిలో అక్కడి న్యాయశాఖ చెప్పింది. ఎక్కువగా అప్‌డేట్లు ఆగిపోయిన సిస్కో, నెట్‌గేర్ పెట్టెలే. మా బిల్డింగ్‌లో అన్ని ఫ్లోర్లకూ కలిపి ఒకటే రౌటర్, అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయిన సరుకు, అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అడ్మినే, దాని వెనకాల ఎన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు పనిచేస్తున్నాయో లెక్కలేదు. మార్పించమని ఓనర్‌ గారిని అడిగితే, "నెట్ వస్తా ఉంది కదప్పా, మార్చేది ఎందుకు?" అన్నారు. వచ్చే నెల నుంచి మెయింటెనెన్స్ మాత్రం పెంచుతున్నారట.