గ్రాంట్ అయిపోతే నా సంగతేంటని అడగడం తప్పా?

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థలో చేస్తున్నా. ఏటా కాంట్రాక్ట్ రెన్యువల్. ఇప్పుడున్న గ్రాంట్ ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది, తర్వాతేంటో ఎవరూ చెప్పట్లేదు. డైరెక్టర్ గారిని అడిగితే "మనం డబ్బు కోసం రాలేదు కదమ్మా" అన్నారు. నా టీమ్‌లో ఆరుగురున్నారు, "మేడమ్, మా సంగతేంటి" అంటే నవ్వేసి ఊరుకుంటున్నా. ఫీల్డ్‌కి వెళ్లిన రోజు బాగానే ఉంటా, మిగతా రోజులు నిద్ర లేదు, పిల్లల మీద అరుస్తున్నా. నేనింకా బాగా చేసుంటే రెన్యువల్ అయ్యేదేమో అనిపిస్తుంది. మా ఆయనేమో "ఊరందరి బాధలూ నీకే కావాలి, ఇల్లు మాత్రం అక్కర్లేదు" అంటారు. మానేద్దామంటే ద్రోహం చేసినట్టుంటుంది.

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది ఆ డైరెక్టర్ గారి మాటేనండి. మీరు జీతం పెంచమని అడగలేదు, నాలుగు నెలల తర్వాత ఉద్యోగం ఉంటుందా ఉండదా అని అడిగారు, దానికి సేవాభావం గురించి చెప్తే అది నోరు మూయించడమే. పాపం ఆయనకీ తెలీకపోవచ్చు, ఆయన టెన్షన్ ఆయనకుండొచ్చు, అయినా "నాకూ తెలీదమ్మా, ఫలానా తేదీకి తెలుస్తుంది" అనడానికి ఏం పోయింది?

ఇక "నేనింకా బాగా చేసుంటే" అన్న మాట పక్కన పెట్టేయండి. ఇన్నేళ్లుగా ఉన్నారు కాబట్టి మీకు తెలిసిందే, మన సంస్థలకి వచ్చే డబ్బు చాలావరకు ఫలానా పనికి, ఫలానా తేదీ దాకా అని ముడిపెట్టి వస్తుంది, అది తీసి ఇంకో చోట జీతాలివ్వడానికుండదు, రిజర్వ్‌లో పెట్టుకోవడానికి ఇచ్చే డోనర్లు తక్కువ, అందుకే గ్రాంట్ ఆగితే ముందు ఊగేది ఉద్యోగాలే. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపమని ఆర్డర్ ఇచ్చినప్పుడు ఎన్నో దేశాల్లో చక్కగా పనిచేస్తున్నవాళ్లు కూడా రోడ్డున పడ్డారు, వాళ్ల పనిలో లోపం ఉండి కాదు కదా.

మీ ఒంటి సంగతికొస్తే, బర్నౌట్, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలిసిపోవడం గురించి 1974లో రాసిన ఫ్రూడెన్‌బర్గర్ అనే సైకాలజిస్ట్ అది చూసింది ఏ కార్పొరేట్ ఆఫీసులోనో కాదు, న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో, పనిమీద ప్రాణం పెట్టే వాలంటీర్లలో. అంటే మీలాంటివాళ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బు అనదు, పని వల్ల వచ్చే స్థితి అంటుంది. శక్తంతా అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, నా వల్ల ఏం కావట్లేదనిపించడం, ఈ మూడూ లక్షణాలు. ఫీల్డ్‌కెళ్తే బాగుంటా అన్నారు కాబట్టి మనసైతే ఇంకా విరగలేదు, మిమ్మల్ని తినేస్తున్నది ఏం జరుగుతుందో తెలీకపోవడం. నిద్ర మాత్రం వారాల తరబడి లేకపోతే డాక్టర్‌ని కలవాల్సిందే, అది వాయిదా వెయ్యకండి.

డైరెక్టర్ గారిని ఈసారి నోటితో కాదు, మెయిల్‌లో అడగండి. పెద్ద ఉత్తరం వద్దు, కొత్త గ్రాంట్ల కోసం పంపిన ఏ ప్రపోజల్స్ పెండింగ్‌లో ఉన్నాయి, వాటి బడ్జెట్‌లో నా పోస్టూ మా టీమ్ పోస్టులూ ఉన్నాయా, ఎప్పటికి తెలుస్తుంది, మిగిలిన డబ్బు ఉంటే గడువు పెంచమని డోనర్‌ని అడిగారా, నోటీసు ఎన్ని రోజులు, రావాల్సిన బకాయిలేంటి, ఇంతే. బడ్జెట్‌లో పోస్టు ఉందా లేదా అన్న ఒక్క దానికి జవాబొస్తే సగం విషయం తేలిపోతుంది.

టీమ్ దగ్గర ఆ నవ్వు ఆపేయండి, వాళ్లకి అది నవ్వు కాదని ఎప్పుడో అర్థమైపోయుంటుంది. వారానికోసారి కూర్చోబెట్టి తెలిసింది చెప్పండి, తెలీనిది తెలీదనే చెప్పండి.

మీ ఆయన మాట కటువుగానే ఉంది, నేను సమర్థించను, కానీ అందులో ఇల్లెలా గడుస్తుందన్న భయమూ వినిపిస్తోంది. ఆ మాటకి మాట అనకుండా ఓ సాయంత్రం లెక్కల పుస్తకం తీసి, ఒక్క జీతంతో ఎన్నాళ్లు లాగగలమో ఇద్దరూ కలిసి వేసుకోండి. అంకె కాగితం మీద కనిపిస్తే గొడవ తగ్గుతుంది, కనీసం దేని గురించి గొడవో తెలుస్తుంది. పిల్లలకి "అమ్మకి ఆఫీసులో టెన్షన్, మీ తప్పేం లేదు" అని ఒక్క ముక్క చెప్పండి చాలు.

వేరే ఉద్యోగాలకి ఇప్పట్నుంచే అప్లై చెయ్యండి. అప్లై చేసినంత మాత్రాన మానేసినట్టు కాదు, మానేసినా ద్రోహం కాదు, ఏటా కాంట్రాక్ట్ రాయించుకున్న సంస్థ మీకు శాశ్వతం అని ఏనాడూ మాటివ్వలేదు కదా. వెళ్లాల్సొస్తే పనంతా వివరంగా రాసి అప్పజెప్పి వెళ్లండి.

మెయిల్ మాత్రం ఈ వారమే పెట్టండి. వారంలో జవాబు రాకపోతే అదే మెయిల్ మళ్లీ పంపండి, ఈసారి హెచ్ఆర్ వాళ్లని కూడా సీసీలో పెట్టి.